గుండ్రటి చుక్క

నవంబరు 3, సోమవారం

నర్సమ్మ పడిపోయింది.

పొద్దున సైకిలు మీద ఆసుపత్రి డ్యూటీకి వెళ్తూ పడింది. నీళ్ళ ట్యాంకు దిగుడు అయిపోయి వంతెన ఎత్తు మొదలయ్యే చోట గేరు మార్చిందట. చైను పెద్ద పళ్ళ చక్రాన్ని దాటేసి స్పోకుల్లోకి దిగింది. వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయింది. సైకిలు ఒకవైపు, ఆమె ఒకవైపు. నడుము పోయి వంతెన గోడకి తగిలింది. అటుగా నడిచి వస్తున్న పాలాయన చూసి చెప్పిన మాటలివి.

ఆమె భర్త దర్జీ. మా ఎదురు కొట్టే. కబురు రాగానే కత్తెర గుడ్డలోనే వదిలేసి పరిగెత్తాడు. అతని కొట్టు తలుపులు నేను వేశాను.

శనివారం ఆ సైకిలు వెనక చక్రానికి కొత్త క్యాసెట్, అంటే పళ్ళ చక్రాల గుత్తి, ఎక్కించింది నేనే. అందుకే రాసుకుంటున్నాను, తర్వాత తికమక పడకుండా. పాత గుత్తి అరిగిపోయింది, తీసేశాను. చక్రం నడిమి హబ్ కడిగాను, తుడిచాను, గ్రీజు రాశాను. కొత్తది ఎక్కించాను. హబ్ మీద ఉండే గాడుల్లో ఒకటి మిగిలినవాటికన్నా సన్నం. అందువల్ల క్యాసెట్ ఒక్క తీరులోనే ఎక్కుతుంది, తప్పుగా ఎక్కించాలన్నా కుదరదు. పైన లాక్ రింగు పెట్టి పెద్ద పానాతో బిగించాను. టకటకమని చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు వస్తే బిగిసినట్టు. లాక్ రింగు మీద పసుపు రంగు చుక్క కూడా ఉంది.

ఇది గ్రీజు కంపెనీ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ. ఇన్నాళ్ళూ దీని మీద టీ గ్లాసు పెట్టుకున్నాను.

నవంబరు 4, మంగళవారం

చుక్క సంగతి కూడా రాసి పెట్టుకోవాలి.

మా కొట్టులో ఒక పద్ధతి ఉంది. మామయ్య పెట్టిన పద్ధతి. గోడ మీద ఆయన చేత్తో రాసిన అక్షరాలు ఇంకా ఉన్నాయి: బిగించిన చెయ్యి చుక్క పెట్టరాదు. ఒకరు బిగించాక రెండోవాళ్ళు ఆ చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, పళ్ళ చక్రాలని వేళ్ళతో పట్టి ఊపి చూడాలి. కదలకపోతే అగ్గిపుల్లతో లాక్ రింగు మీద ఒక పసుపు చుక్క పెట్టాలి. అప్పుడే సైకిలు గడప దాటాలి. ఇప్పుడు కొట్టులో ఉన్నది మేమిద్దరమే. నేను బిగిస్తాను, మామయ్య చుక్క పెడతాడు. చుక్క ఉందంటే రెండో చెయ్యి చూసినట్టే.

మామయ్య అంటే మా అమ్మకి అన్న, నా భార్యకి తండ్రి. డెబ్బై ఆరేళ్ళు. పదహారేళ్ళ వయసులో నా చేతికి పానా ఇచ్చింది ఆయనే. వీధి చివర పోతున్న సైకిలుని చూసి, వెనక చక్రం ఎటు వంకర పోయిందో ఇప్పటికీ చెప్పగలడు. పొద్దున తిన్నాడో లేదో మాత్రం చెప్పలేడు. రెండేళ్ళుగా ఇంతే. పక్కింటాయన్ని రోజూ కొత్తగా పరిచయం చేసుకుంటాడు, పాపం ఆయన కూడా రోజూ తన ఊరూ పేరూ చెప్పుకుంటాడు.

చుక్క ఉంది. నేను కళ్ళారా చూశాను.

నవంబరు 5, బుధవారం

ఆపరేషన్ అయింది. కాళ్ళ గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారట.

టకటకమని చప్పుడు వచ్చింది.

నవంబరు 6, గురువారం

పోలీసాయన వచ్చాడు. చిన్న వయసువాడే, మర్యాదస్తుడు. నిలబడే మాట్లాడాడు. గోడ మీద అక్షరాలు చదివి, పద్ధతి ఏమిటని అడిగి తెలుసుకున్నాడు. తర్వాత, "అయితే ఆ సైకిలుకి చుక్క ఎవరు పెట్టారు?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. ఈలోగా మామయ్య స్టూలు మీంచి లేచాడు.

"నేనే. నలభై రెండేళ్ళుగా ఇక్కడ చుక్క పెట్టేది నేనే."

"ఊపి చూశారా పెద్దాయనా?"

"చూడకుండా నేను చుక్క పెట్టను బాబూ."

"మరి ఆ పళ్ళ చక్రాలు వదులుగా ఉన్నాయండీ. చేత్తో పట్టుకుంటే గలగల ఊగుతున్నాయి. పడినందువల్ల వదులైంది కాదు, ముందునుంచీ వదులే అని మావాళ్ళు రాశారు."

మామయ్య తన కుడిచేతి వేళ్ళని ఎడమచేత్తో ఒక్కొక్కటే నొక్కి చూసుకున్నాడు, తిమ్మిరెక్కిందేమో అన్నట్టు. చెప్పింది చెప్పినట్టు పోలీసాయన కాగితం మీద రాస్తే, కింద సంతకం పెట్టాడు. సంతకం సగంలో చెయ్యి వణికి గీత పక్కకి జారింది.

బిగించింది ఎవరని మాత్రమే నన్ను అడిగాడు. నేనే అన్నాను. అంతకుమించి అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి.

నవంబరు 7, శుక్రవారం

మామయ్య కొట్టుకి రాలేదు. మంచం మీద కూర్చుని చేతులు చూసుకుంటున్నాడట. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్తే, "ఆ అమ్మాయి ఎలా ఉందిరా?" అన్నాడు. చెప్పాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మళ్ళీ అడిగాడు. పొద్దుటినుంచి ఎన్నిసార్లు అడిగాడో తెలియదని నా భార్య అంది.

అన్నీ మరిచిపోయే మనిషికి ఇదొక్కటి మాత్రం మేకు దిగినట్టు దిగింది.

నవంబరు 8, శనివారం

దర్జీ కొట్టు మూసే ఉంది. వీధి బోసిగా ఉంది. ఆ కుట్టుమిషన్ చప్పుడు లేకపోతే పనిలో చెయ్యి ఆడదని ఇప్పుడే తెలిసింది.

నవంబరు 9, ఆదివారం

కొట్టుకి సెలవు. ఊరికే వచ్చాను. సామాన్లు కడిగే కిరసనాయిలు తొట్టి మురికి పట్టిపోయిందని పారబోసి కడిగాను. అడుగున, బ్రష్ కింద ఒక రింగు దొరికింది. పల్చటి రింగు, అట్టముక్క మందం. క్యాసెట్ ఎక్కించే ముందు హబ్ మీద వెనకగా వేసేది.

ఇది వేరే సైకిలుది.

ఇలాంటి రింగులు సైకిలు కొట్లో మూలమూలనా దొరుకుతాయి. బట్టల కొట్లో గుండీలు దొరకవా? జేబులో వేసుకున్నాను.

నవంబరు 10, సోమవారం

వేరే సైకిలుది అయ్యుండాలి.

ఈ నెలలో నేను ఇంకే సైకిలుకీ హబ్ కడగలేదు.

నవంబరు 12, బుధవారం

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధాలు రాస్తున్నాను. దీనికన్నా దీని మీద టీ గ్లాసు పెట్టుకోవడమే నయం. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

హబ్ కడగడానికి ఆ రింగు నేనే తీసి తొట్టిలో వేశాను. తిరిగి వెయ్యలేదు. అది లేకపోతే లాక్ రింగు హబ్‌కే ఆనుకుని ఆగిపోతుంది, పళ్ళ చక్రాల దాకా దిగదు. పానాకి మాత్రం బిగుతుగానే తగులుతుంది. మనిషి బిగించేశాననుకుంటాడు. పళ్ళ చక్రాలు వదులుగా ఊగుతూ ఉంటాయి. అందుకే ఆ చప్పుడు వినాలి. టకటకమనేది పళ్ళ చక్రం మీద లాక్ రింగు పట్టు దొరికినప్పుడే.

చప్పుడు వచ్చిందని రెండుసార్లు రాశాను. వచ్చిందా? ఆ పూట ఎదురుగా కుట్టుమిషన్ ఆగకుండా నడుస్తోంది. నేను విన్నది దాని చప్పుడేనేమో. నిజానికి నేను దేన్నీ వినడంలేదు. నా చిరాకులో నేనున్నాను.

ఇప్పుడు అసలు మాట. చుక్క నేను పెట్టాను.

నర్సమ్మ గడపలో నిలబడింది. డ్యూటీకి వేళవుతోందని, తొందరేం లేదంటూనే గడియారం చూసుకుంటోంది. మామయ్య వెనక గదిలో కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు. కళ్ళజోడు ఆయన నుదుటి మీదే ఉంది. ఆ మాట నేను చెప్పలేదు. చెప్తే వస్తాడు. వస్తే చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుంటాడు. ఇది ఎవరిది, ఎక్కడ పనిచేస్తుంది, ఎంతమంది పిల్లలు అని మొదలుపెడతాడు, చెప్పింది మరిచి మళ్ళీ మొదటికొస్తాడు. ఆయన ఒక్క చక్రం చూసేలోపు నేను రెండు బిగిస్తాను. అగ్గిపుల్ల తీసుకున్నాను, పెయింటులో ముంచాను, పెట్టాను. ఊపి చూడలేదు. వేళ్ళతో ఒక్కసారి పట్టుకుంటే తెలిసేది. రెండు క్షణాల పని.

అది మొదటిసారి కూడా కాదు. ఏడాదిగా చాలాసార్లు పెట్టాను. ఆయన చూడటం పని కాదు, కాలక్షేపం అని నాకు నేను చెప్పుకున్నాను. ఇన్నిసార్లలో ఒక్కసారీ ఏమీ కాలేదు. అందుకే ఇంకా పెట్టాను.

నవంబరు 13, గురువారం

ఇంకొకటి ఉంది.

పడటానికి ముందురోజు, ఆదివారం సాయంత్రం, నేను కొట్టు ముందు నుంచి పోతుంటే నర్సమ్మ వాళ్ళ మెట్ల మీంచి పిలిచింది. "అన్నయ్యా, వెనక ఏదో గలగలమంటోంది" అంది.

"కొత్తది కదమ్మా, రెండ్రోజుల్లో సర్దుకుంటుంది" అన్నాను. నడుస్తూనే అన్నాను, ఆగలేదు.

కొత్త క్యాసెట్ సర్దుకోవడమన్నది ఉండదు. అది నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు.

నవంబరు 15, శనివారం

ఆసుపత్రికి వెళ్ళాను. నా భార్యే పంపింది. "నువ్వు వెళ్ళకపోతే బాగుండదు బావా" అంది.

నర్సమ్మ పనిచేసేది అదే ఆసుపత్రి. ఆమె పడుకున్నది కూడా ఆమె డ్యూటీ చేసే వార్డులోనే. పక్క మంచం ముసలమ్మకి ఇంకా ఈవిడే నర్సు అన్న భ్రమ, నీళ్ళిమ్మని ఈవిడనే అడుగుతోంది. నర్సమ్మ నవ్వింది. ముఖం అంతా వాచి ఉన్నా నవ్వు మాత్రం అదే.

నడుము కిందనించి కదలిక లేదు. రాదని నిన్న చెప్పేశారట. ఆ మాట ఆమే చెప్పింది, ఇంకెవరో రోగి గురించి చెప్తున్నట్టు. దర్జీ కిటికీ దగ్గర నిలబడ్డాడు. అతని చేతిలో ఒక గుడ్డపీలిక ఉంది, దాన్ని మడుస్తున్నాడు, విప్పుతున్నాడు.

"పెద్దాయన తిండి మానేశాడటగా అన్నయ్యా" అంది. "ఆయన్ని ఏమీ అనకండి. వయసైపోయింది. నాకు ఆయన మీద కోపం లేదని చెప్పండి. నా మాటగా చెప్పండి, మర్చిపోతే మళ్ళీ చెప్పండి."

తల ఊపాను.

"పడిన రోజు, అంతకుముందు రెండ్రోజులు, అసలేం గుర్తులేదు. సైకిలు ఎప్పుడు తెచ్చుకున్నానో కూడా ఈయన చెప్తేనే తెలిసింది."

ఆదివారం సంగతి గుర్తులేదు ఆమెకి. ఆ మాట విన్నప్పుడు నా ప్రాణం కుదుటపడింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ కుదుటపడింది. మెట్లు దిగేటప్పుడు తెలిసింది నేనెంత నీచుణ్ణో. ఇంట్లో మతిమరుపు మనిషి, ఇక్కడ ఈవిడ. మరిచిపోయినవాళ్ళ చాటున బతుకుతున్నాను.

నర్సమ్మ మాట మామయ్యకి చెప్పాను. విని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను పక్కనే కూర్చున్నాను.

నవంబరు 17, సోమవారం

ఆ చక్రాన్ని ఒకసారి చూడాలని మామయ్య దర్జీకి కబురు పంపాడట. నాకు తెలియదు. పోలీసులు సైకిలు తిరిగిచ్చేశారు. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి దర్జీ వెనక చక్రం పట్టుకుని మా గుమ్మంలో ఉన్నాడు.

"పెద్దాయన అడిగాడని తెచ్చానన్నా" అన్నాడు నాతో. గడ్డం మాసిపోయింది. సూది దారం గుచ్చిన చొక్కా జేబు మాత్రం అలాగే ఉంది.

మామయ్య మంచం మీద కాళ్ళు చాపుకుని చక్రాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళతో పళ్ళ చక్రాలని పట్టి ఊపాడు. గలగలమంది. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ ఊపాడు. "ఇంత వదులా" అన్నాడు. "ఇంత వదులు నా వేలికి తెలియలేదా."

నా భార్య భూతద్దం తెచ్చి ఇచ్చింది. ఆయన లాక్ రింగు మీద చుక్కని చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన ముఖం కాస్త తేటపడింది.

"చూడరా" అన్నాడు నాతో. "ఎంత గుండ్రంగా పెట్టానో చూడు. ఆ రోజు నా చెయ్యి వణకలేదు."

దర్జీకి కూడా చూపించాడు. దర్జీ వంగి చూసి, "అవును పెద్దాయనా, బాగా వచ్చింది" అన్నాడు. భార్య కాళ్ళు పోయిన మనిషి ఆ మాటన్నాడు.

నవంబరు 18, మంగళవారం

టీ ఇస్తూ నా భార్య అంది, "నాన్న పెట్టే చుక్కకి ఎప్పుడూ తోక ఉంటుంది బావా."

గ్లాసు నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మాట నిజమే. మూడేళ్ళుగా ఆయన చెయ్యి వణుకుతోంది. అగ్గిపుల్ల రింగుకి తగలగానే పక్కకి జారుతుంది. ఆయన చుక్కలన్నీ తోకకప్పల్లా ఉంటాయి. కొట్టులో ఉన్న ఏ చక్రం తీసి చూసినా తెలుస్తుంది. ఇవాళ అన్నీ తీసి చూశాను. తోక ఉన్నవి పద్నాలుగు. గుండ్రటివి ఆరు.

నవంబరు 19, బుధవారం

కొట్టు తీశాను. పనేమీ చెయ్యలేదు.

నవంబరు 20, గురువారం

మామయ్యకి చెప్పాను.

పొద్దున నా భార్య నీళ్ళకి వెళ్ళినప్పుడు మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. జేబులోంచి రింగు తీసి ఆయన అరచేతిలో పెట్టాను. "మామయ్యా, ఇది వెయ్యకుండా బిగించాను. చుక్క నేను పెట్టాను. నువ్వు పెట్టలేదు" అన్నాను.

ఆయన రింగుని చూశాడు. నన్ను చూశాడు.

"ఊపి చూశావా?"

"లేదు మామయ్యా."

"నన్నెందుకు పిలవలేదు?"

"నువ్వు ఆలస్యం చేస్తావని."

చెయ్యి ఎత్తాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. చెయ్యి మెల్లగా దించేసి రింగుని నా జేబులో తిరిగి వేశాడు. "వాళ్ళకి చెప్తావా?" అన్నాడు. చెప్తానన్నాను. "చెప్పు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. గంట తర్వాత లేచి అన్నం అడిగి తిన్నాడు. రెండోసారి వడ్డించుకున్నాడు. నా భార్య నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

బరువు దిగింది. ముఖ్యంగా చెప్పాల్సింది ఆయనకి, ఆయనకి చెప్పేశాను. దర్జీకి, పోలీసులకి వీలు చూసుకుని చెప్తాను. నర్సమ్మ కాస్త కోలుకోనీ.

నవంబరు 21, శుక్రవారం

పొద్దున లేచేసరికి మామయ్య మంచం మీద కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు.

"ఆ అమ్మాయి ఎలా ఉందిరా?" అన్నాడు. "నేను చూసే పెట్టానే. ఎలా జరిగిందంటావు?"

నవంబరు 22, శనివారం

మళ్ళీ చెప్పాను. రింగు చేతిలో పెట్టాను. ఊపి చూశావా అన్నాడు. లేదన్నాను. నన్నెందుకు పిలవలేదు అన్నాడు. ఆలస్యం చేస్తావని అన్నాను. చెయ్యి ఎత్తాడు, దించాడు. వాళ్ళకి చెప్తావా అన్నాడు. ఒక్క మాట తేడా లేదు. ఆయనకి అది మొదటిసారే. అంతే బాధపడ్డాడు, ఆ తర్వాత అంతే ఆకలిగా తిన్నాడు.

నవంబరు 23, ఆదివారం

పొద్దున మళ్ళీ చేతులు చూసుకుంటున్నాడు.

నిజం నిలవదు ఆయనలో. తప్పు తనదే అన్న దిగులు మాత్రం ఎటూ పోవడంలేదు, పొద్దున్నే ఆయనకన్నా ముందు లేచి కూర్చుంటోంది. అంత దిగులు ఆ మనిషికి ఎవరు పెట్టారు? నేను పెట్టాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అందరిలో మొదట ఆయనకే ఎందుకు చెప్పాను? మరిచిపోతాడని తెలిసే. చెప్పినట్టూ ఉంటుంది, చెప్పనట్టూ ఉంటుంది. నా తెలివికి నాకే ఒళ్ళు మండింది.

నవంబరు 24, సోమవారం

దర్జీ కొట్టు తీశాడు. ఆసుపత్రికి ఇంటికి తిరుగుతూనే పనికి కూర్చున్నాడు. వెళ్ళి అతని ఎదురుగా స్టూలు మీద కూర్చుని చెప్పాను. రింగు, చుక్క, మామయ్య నుదుటి మీది కళ్ళజోడు, అన్నీ.

మిషన్ ఆపలేదు. ఆ కుట్టు చివరిదాకా కుట్టాడు. దారం తెంపాడు. "మళ్ళీ చెప్పు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను.

"మా ఆవిడకి నువ్వే చెప్పు. నా నోటితో నేను చెప్పను."

ఇద్దరం నడిచే వెళ్ళాం, ఆ వంతెన మీదుగా. దారంతా అతను నాకన్నా నాలుగడుగులు ముందే నడిచాడు. రోజూ నన్ను అన్నా అన్నా అని పిలిచే మనిషి.

నర్సమ్మకి చెప్పాను. ఆదివారం సాయంత్రం మెట్ల మీంచి ఆమె పిలిచిన సంగతి, నేనన్న మాట, అదీ చెప్పాను. ఆ సంగతి దర్జీకీ అప్పుడే తెలిసింది. ఆమె పూర్తిగా వింది. ఏడవలేదు.

"పెద్దాయన చేశాడంటే కోపం రాలేదు" అంది. "వయసు, మతిమరుపు, ఏం చేస్తాడు పాపం అనుకున్నాను. మరి నీకేమైంది?"

ఆ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఒక్కటే. చిరాకు. అంతే. ఒక మనిషి కాళ్ళకి సరిపడే కారణం కాదు అది.

నా ముఖం చూడలేక ఆమె అటు తిరగాలనుకుంది. తిరగలేకపోయింది. భర్తని పిలిచి, "నన్ను గోడవైపు తిప్పండి" అంది. అతను నడుము కింద ఒక చెయ్యి, భుజం కింద ఒక చెయ్యి వేసి మెల్లగా తిప్పాడు. కాళ్ళు విడిగా సర్దాడు. నేను అదంతా నిలబడి చూశాను.

నవంబరు 25, మంగళవారం

పోలీసాయన దగ్గరికి వెళ్ళాను. మొత్తం రాసుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అన్నాడు. డైరీ రాసుకుంటున్నానని చెప్పబోయి ఊరుకున్నాను. కేసు ఇప్పుడు నా పేరు మీదకి మారుతుంది. కొట్టు మూసి తాళాలు ఇవ్వమన్నాడు.

మామయ్య సంతకం పెట్టిన కాగితం కొట్టేస్తారా అని అడిగాను. కొట్టెయ్యరట, దాని వెనక ఇది జతచేస్తారట. ఆయన చెప్పిన ఆ మాటా ఆ సంతకమూ అలాగే ఉంటాయి.

నవంబరు 26, బుధవారం

కొట్టుకి తాళం వేశాను. దర్జీ కుట్టుమిషన్ నడుస్తూనే ఉంది. తలెత్తలేదు.

నవంబరు 29, శనివారం

రోజూ పొద్దున చెప్తున్నాను. రింగు పెడతాను, ఆయన అడుగుతాడు, నేను జవాబు చెప్తాను, తింటాడు. చెప్పకపోతే తినడు. నా భార్య ఈ సమయానికి ఎక్కడికీ వెళ్ళడంలేదు. గుమ్మం దగ్గర నిలబడి వింటుంది. మొదటిరోజు ఏడ్చింది. నిన్న, కూర తరుగుతూ వింది.

ఇవాళ తనే అంది, "పెద్ద అక్షరాలతో రాసి మంచం దగ్గర అంటించు బావా. లేవగానే చదువుకుంటాడు. నువ్వు విచారణకి పోయిన రోజు ఎవరు చెప్తారు?"

నిజమే. మొన్నటి క్యాలెండరు కాగితం వెనక రాశాను: తప్పు నీది కాదు. రింగు వెయ్యకుండా బిగించింది నీ అల్లుడు. ఊపి చూడకుండా చుక్క పెట్టింది కూడా నీ అల్లుడే.

గోడకి అంటించాను.

డిసెంబరు 1, సోమవారం

నిన్న పొద్దున కాగితం చదివి ఏమీ అనలేదట. నేను బయట ఉన్నాను. పని చేసిందనుకున్నాం.

ఇవాళ నేనున్నాను. మామయ్య లేచాడు. కళ్ళజోడు వెతుక్కున్నాడు. నుదుటి మీదే ఉందని చెప్పాను. దించుకుని గోడ మీద కాగితం చదివాడు. వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం చదివాడు. చదువుతుంటే ఆయన మెడ నరాలు లేచాయి.

లేచి కాగితం పీకేశాడు. నాలుగు ముక్కలు చేశాడు.

"ఎవడు రాశాడురా ఇది?" అన్నాడు. అంత కోపం ఆయనలో చూసి ఎన్నేళ్ళయిందో. "నా ఇంట్లోకి వచ్చి, నా గోడ మీద, నా అల్లుడి మీద రాస్తాడా? పదహారేళ్ళ వయసునుంచి నా చేతుల్లో పెరిగినవాడు. చూడకుండా చుక్క పెట్టేవాడా వాడు?"

నా భార్య గుమ్మంలో చీరచెంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. వణికే చేత్తో నా భుజం పట్టుకున్నాడు. "నువ్వేం బాధపడకు" అన్నాడు. "ఎవరేం రాసినా పట్టించుకోకు. ఆ చుక్క నేనే పెట్టాను. పోలీసులకి కూడా చెప్పాను. నీ మీదికి రానివ్వను."

నేను ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టాను. కింద నేల మీద కూర్చున్నాను. జేబులోంచి రింగు తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"మామయ్యా, చుక్క నేను పెట్టాను" అన్నాను.

రింగుని చూశాడు. నన్ను చూశాడు. ఆయన ముఖంలో ఇప్పుడే ఉన్న ఆ ప్రేమ అంతా నెమ్మదిగా వెళ్ళిపోవడం చూశాను.

"ఊపి చూశావా?" అన్నాడు.

"లేదు మామయ్యా" అన్నాను.